బీగాల రోజున పప్పు ఉడికింది

పాలు పోయించుకునేటప్పుడు మా అత్త పాలామె ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. కొలగిన్నెలో బొటనవేలు ఎంతవరకు మునిగిందో కనిపెట్టి, ఆ వేలి మందాన పాలు మళ్లీ పోయించుకునేది. కూరగాయలు తూచేటప్పుడు తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమేది. బస్సులో కండక్టరు టికెట్టు చింపి ఇస్తే, అది ఆ రోజుదో కాదో పక్క సీటు పిల్లలతో చదివించుకునేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇదంతా చూసి నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. ఆ అనుమానం ఒకనాడు నా మీదికి కూడా తిరుగుతుందని అప్పటికి తెలియదు. తెలిసినరోజు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

ఆమెను అనడానికీ లేదు. వాళ్లది తంబళ్లపల్లె దాటి లోపలికి పోవాల్సిన మెట్ట ఊరు. వేరుశనక్కాయ తప్ప వేరే పంట ఎరగని నేల. మా మామ బతికున్న కాలంలో చేనులో ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించాడట. ప్రతి బోరూ మొదటి రోజు ఎగిరిపడి, ఏడాది తిరిగేసరికి దగ్గి ఊరుకునేదట. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటిజాడ చెప్పేవాళ్లు, బోరు లారీవాళ్లు, మోటారు మెకానిక్కులు, అందరూ మా అత్త చేతి సంగటి తిని, "నీళ్లకు కొదవే లేదుమ్మా" అని చెప్పి పోయినవాళ్లే. చివరికి చేను బీడు పడింది, మామ దిగులుతోనే పోయాడు. అప్పటినుంచి ఆమె ఎవరి మాటనూ చెవిలోపలికి పోనివ్వలేదు.

ఇక నా సంగతి. మాది కుప్పం. పెళ్లయ్యాక పుంగనూరులో అద్దె ఇంట్లో కాపురం పెట్టాము. మా ఆయన మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా. తెల్లవారకముందే మొదటి బస్సు పట్టుకునేవాడు. మేమున్నది రెండు గదుల వాటా, కొళాయి వాకిట్లో. దాని వాల్వు మాత్రం ఇంటామె వంటింటి కిటికీ కింద. ఆమెకు బుద్ధి పుడితే తిప్పేది, పుట్టకపోతే లేదు. ఒకరోజు నేను తలకు సీకాయ రుద్దుకుని కూర్చున్నాను, వాల్వు కట్టేసి ఆమె గుడికి పోయింది. కళ్లు మంటలు, నురుగు మెడమీద ఎండిపోతోంది, బిందెలో చుక్క లేదు. ఆమె తిరిగొచ్చేదాకా అట్లాగే మూలన కూర్చుని ఏడ్చాను. "అయ్యో, నీళ్లు పోసుకుంటాండావా? చెప్పుంటే కదమ్మా తెలిసేది" అంది వచ్చి, తీరిగ్గా. ఆ రోజు నా మనసులో ఒకటే పడిపోయింది. ఇల్లు చిన్నదైనా ఫరవాలేదు, నాపరాళ్లు లేకపోయినా ఫరవాలేదు, నేను తిప్పితే నీళ్లు రావాలి. అంతే.

మదనపల్లె ఊరి చివర కొత్తగా వేసిన వీధిలో చిన్న జాగా కొన్నాము. కట్టించడానికి మా అమ్మ కుప్పం నుంచి ఒకాయనను పంపింది. ఆమె పెదనాన్న కొడుకు, నాకు మేనమామ వరస. ఇళ్లు కట్టించి బీగాలు, అంటే తాళాలు, చేతికిచ్చేదాకా అన్నీ తానే చూసుకుంటాడు. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. మాటకు ముందొకసారి, తర్వాతొకసారి "కవలొద్దు" అంటాడు. కవల అంటే కుప్పం మాటలో దిగులు. "కవలొద్దు అమ్మణ్ణీ, నీ ఇల్లు నా కూతురి ఇల్లనుకుంటా" అన్నాడు. నాకు ఏనుగెక్కినట్టయింది. పుట్టింటివాళ్ల చేత్తో నాకు ఇల్లు లేస్తోందని వీధంతా చెప్పుకున్నాను.

అత్తకు మాత్రం మింగుడు పడలేదు. "యాల మీవాడే కావాల? మదనపల్లెలో మేస్త్రీలు సచ్చినారా?" అంది.

"తెలిసినవాళ్లయితే మంచిది కదత్తా" అన్నాను.

"తెలీనోడైతే గల్లా పట్టుకుంటాం. తెలిసినోడైతే మరేదకు సస్తాం."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరు వైపు చూశాడు. ఆయనెప్పుడూ అంతే, వాళ్లమ్మకూ నాకూ నడుమ ఎప్పుడూ ఒక పేపరు పట్టుకుని ఉండేవాడు.

పునాదికి పూజ చేసిన రోజున పనివాళ్లకు భోజనం పెట్టాలి, అది మా వైపు ఆనవాయితీ. వంట నేనే చేస్తానని ముందుకు దూకాను. పక్కింటామె తన బోరు నీళ్లు పట్టుకోమంది. కందిబేడలు పొయ్యిమీద పెట్టాను. ఎంతసేపు ఉడికినా గింజ గింజగానే ఉన్నాయి. నీళ్లు పోశాను, మంట పెంచాను, గరిటెతో కుమ్మాను. ఎండ నడినెత్తికొచ్చింది, పనివాళ్లు ఆకులు పరుచుకుని కూర్చున్నారు. చేసేది లేక అట్లాగే వడ్డించాను. నోట్లో కరకరలాడుతుంటే ఒక్కొక్కరూ తలలు వంచుకుని నమిలారు. "కుప్పంలో పప్పు ఇట్లే తింటారేమో పాపం" అంది మా అత్త అందరికీ వినబడేట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత పక్కింటామె పిలిచి చెప్పింది: "ఈ వీధిలో నీళ్లు సవ్వ నీళ్లమ్మా, ఉప్పగా ఉంటాయి. సోడా ఎయ్యకుంటే బేడలు ఉడకవు. ముందే చెప్పాల్సింది నేను." ఆ మాట నేను మరిచిపోలేదు. పప్పు మాట ఎత్తితే చాలు, ఇంట్లో అందరికీ నేనే గుర్తొచ్చేదాన్ని కదా.

గోడలు లేవకముందే బోరు వేయించాలని అనుకున్నాము. ఆ రోజు మండీకి టమోటా లారీలు విరగబడి వచ్చాయి, మా ఆయన కదలలేకపోయాడు. అత్త తన ఊళ్లో ఉంది. బోరు లారీ దగ్గర మామ ఒక్కడే. నేను పుంగనూరులో ఎస్టీడీ బూతు పక్కనే ఉదయంనుంచి తచ్చాడుతున్నాను. మధ్యాహ్నం ఫోను వచ్చింది. "అమ్మణ్ణీ, బోరూ..." అని మామ మొదలుపెట్టాడో లేదో, "నీళ్లు పడినాయా మామా!" అని నేను బూతు అద్దాలు అదిరేట్టు అరిచాను. అవతల కాసేపు చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"ఆ... పడినాయి. బాగా పడినాయి. కవలొద్దు" అన్నాడు.

బూతు అతనికి, బయట నిలబడ్డవాళ్లకు, వాల్వు కిటికీ ఇంటామెకు, అందరికీ చక్కెర పంచాను. ఇంటామె చేతిలో కాస్త ఎక్కువే పోశాను.

సాయంత్రం మా ఆయన జాగా దగ్గరికి పోయేసరికి లారీ లేదు. బోరు గొట్టానికి మూత బిగించి ఉంది. చుట్టూ నేల మాత్రం బురద బురదగా ఉందట. ఈ సంగతి ఊరినుంచి వచ్చిన అత్తకు చెబితే, ఆమె అడిగింది ఒకటే.

"కండ్లారా నీళ్లు ఎవురు సూసినారు?"

"నేల తడి నేను సూసినా కదమ్మా" అన్నాడు మా ఆయన.

"తడి సూడ్డం నీళ్లు సూడ్డమా? బిందెడు కుమ్మరిస్తే నేనూ తడి సూపిస్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే మా మామ దొంగంటావా?" అన్నాను.

"దొంగని నేనన్నానా? నువ్వే అంటాండావు" అంది అత్త, వక్క నములుతూ.

అప్పటినుంచి ఇల్లు లేచేదాకా ఆమె తన నోటితో ఆ బోరు మాట ఎత్తలేదు. కానీ పునాదులకూ గోడలకూ స్లాబుకూ నీళ్లన్నీ ట్యాంకర్లతోనే వచ్చాయి. బోరుండగా ట్యాంకర్లెందుకని నాకే అనుమానం వచ్చి మామను అడిగాను. "ఇప్పుడే మోటారు దించితే ఇసక, సిమెంటు పడి కాలిపోతాది అమ్మణ్ణీ. ఆకర్లో దించుదాం" అన్నాడు. సబబుగానే తోచింది. అదే మాట అత్తకు అప్పజెప్పాను. ఆమె "ఆహా" అంది. ఆ "ఆహా" రాత్రింబగళ్లు నా చెవిలో తిరుగుతూనే ఉండేది.

ఇల్లు పూర్తయింది. రంగులు పడ్డాయి. బీగాలు తీసుకోవడానికి మంచి రోజు చూశారు. దానికి వారం ముందే అత్త మూట కట్టుకుని దిగింది, ఇల్లంతా చూసుకోకుండా చేతులు చాపకూడదని. చూడటమంటే అట్లా ఇట్లా కాదు. గోడలన్నీ వేలి కణుపులతో తట్టి చెవి పెట్టి విన్నది. గోరుతో గిలికి ఇసుక రాలుతుందేమో చూసింది. బాత్‌రూములో చెంబుడు నీళ్లు పోసి, అవి తూము వైపు పోతాయా గుమ్మం వైపు వస్తాయా అని గొంతుక్కూచుంది. తలుపులు వేసి తీసి, తీసి వేసి, కిర్రుమన్న ఒకదాన్ని మామకు చూపించింది. "నూనె ఏపిస్తా అక్కా, కవలొద్దు" అన్నాడాయన.

"కవలంట కవల. అది నాకు పుట్టినప్పటినుంచి ఉండేదే. బోరు సూపించు."

"మోటారు దించేసినా. కనెక్షను పని కొంచెం ఉండాది. బీగాలిచ్చే రోజు సూపిస్తా కదక్కా, అందరి ముందర."

నేను మామ ముఖమే చూస్తున్నాను. నవ్వుతున్నాడు. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులోని బీగాల గుత్తి తీశాడు, మళ్లీ జేబులో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు. ఊరికే తీశాడా, చేతులకు పని కావాలని తీశాడా అని ఆలోచన పడింది. మరుక్షణమే నన్ను నేను తిట్టుకున్నాను. ఈమె పక్కన ఉండి ఉండి నాకూ ఈ జబ్బు అంటుకుంటోంది అనుకున్నాను.

ఆ రోజు వచ్చింది. మొదటి బస్సుకే ముగ్గురం మదనపల్లెలో దిగాము. వీధి మలుపు తిరగగానే మా ఇంటి గేటు ముందు ట్రాక్టరు చక్రాల అచ్చులు కనబడ్డాయి, పచ్చి బురదలో, కొత్తవి. అత్త వంగి, ఆ బురదను వేలితో ముట్టుకుని, కొంగుకు తుడుచుకుంది. "ముగ్గేసే దానికి నేల తడిపించినాను" అన్నాడు మామ, ఎవరూ అడగకుండానే. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఉతికిన పంచెలో పెళ్లిపెద్దలా ఉన్నాడు.

మమ్మల్ని కూర్చోనివ్వకుండా నేరుగా మోటారు దగ్గరికి తీసుకుపోయి స్విచ్చి వేశాడు. గొట్టం ఒకసారి గుటకేసి, నా చేతి మందాన తెల్లగా నీళ్లు విసిరింది. నేను ఏడ్చేశాను. సిగ్గులేకుండా ఏడ్చాను. చేతులు పెట్టాను, ముఖం పెట్టాను, దోసిళ్లతో తాగాను. తియ్యగా ఉన్నాయి. ఆ రోజు సముద్రం నీళ్లు పోసినా నాకు తియ్యగానే ఉండేవి. అత్త పూజ అయ్యేదాకా పచ్చినీళ్లు ముట్టదు, ఊరికే పక్కన నిలబడి చూసింది. బిందెలు, గంగాళాలు, డ్రమ్ము పట్టుకున్నాము. డ్రమ్ము నిండిందో లేదో కరెంటు పోయింది.

"సూసినావు కదక్కా, నీళ్లు?" అన్నాడు మామ.

"సూసినా" అంది అత్త. "కరెంటు కోత ఈ వేళకేనా రోజూ?"

"రోజూ ఈ వేళకే. మళ్లీ మద్యానమే ఇస్తారు."

అప్పటికి నాకు ఆ మాటలో ఏ తిరకాసూ కనబడలేదు. నా చూపంతా పొయ్యి మీదే ఉంది. పునాది రోజు పోయిన పరువు ఈ రోజు తెచ్చుకోవాలి. బీగాలు తీసుకునే రోజున ఇంటి నీళ్లతోనే వంట చేసి, కట్టినవాళ్లకు కడుపునిండా పెట్టి, బట్టలు పెట్టి, వాళ్ల చేతిమీదుగా బీగాలు కొంగులో వేయించుకోవాలని మా వైపు పద్ధతి. పెరట్లో ఇటుకలు పేర్చి పొయ్యి వెలిగించాను. అన్నిటికంటే ముందు పప్పు ఎక్కించాను. సోడా పొట్లం నడుముకు దోపుకుని తెచ్చుకున్నాను. కాస్త పొంగు వచ్చాక వేద్దామని పక్కన పెట్టి, ఆకుకూర తరగడానికి కూర్చున్నాను.

కూర తరగడం పూర్తయి లేచి గరిటె పెట్టాను. పప్పు లేదు. అంటే గింజ లేదు. మెత్తగా, వెన్నలా గరిటె చుట్టూ తిరిగింది. సోడా పొట్లం విప్పనేలేదు.

మొదట ఎంత సంబరపడ్డానో చెప్పలేను. రా అత్తా, చూడు అని పిలవబోయాను. నోరు సగం తెరిచి ఆగిపోయాను. ఈ వీధిలో సోడా లేకుండా బేడలు ఉడకవు. పక్కింటామె చెప్పింది, నా కళ్లతో నేను చూశాను. మరి మా బోరులో ఎట్లా ఉడికాయి? పొద్దుటి చక్రాల అచ్చులు గుర్తొచ్చాయి. ట్యాంకరు నీళ్లు ఊరి బయట తీపి బావి నుంచి తెస్తారు. తెల్లవారకముందే ట్రాక్టరుతో ట్యాంకరు తెప్పించి మామ మా బోరులో పోయించాడా?

నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఒక్కో బోరు ఒక్కో రకం కాకూడదా? మా జల తీపిది కాకూడదా? ఇంతలో పక్కింటామె మజ్జిగ చెంబుతో వచ్చింది. ఏదో మాటకు అన్నట్టు, "మీరింకా సోడా వేస్తూనే ఉండారా అక్కా?" అన్నాను.

"ఎయ్యకుంటే యాడ ఉడుకుతాయమ్మా. మొన్న ఎదురింట్లో కొత్త బోరు ఏసిరి, అదీ ఇదే కత."

నేను మామ వైపు చూశాను. పందిరి కింద పనివాళ్లతో పకపకా నవ్వుతున్నాడు. అంత మంచి నీళ్లు పడిన మనిషి, పొద్దుటినుంచి మళ్లీ ఒక్కసారైనా ఆ బోరు వైపు తల తిప్పలేదు. అబద్ధం చెప్పేవాడు సవ్వ నీళ్లే పోసి ఉండొచ్చు కదా! మంచి రోజని మంచి నీళ్లే తెప్పించినట్టున్నాడు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? నోరు విప్పితే నా పుట్టింటివాడు మోసగాడు. మా అమ్మ మాట పోతుంది, జన్మంతా అత్త నోట్లో నేను నలుగుతాను. విప్పకపోతే ఎండిన బోరు మీద కాపురం. మళ్లీ బిందెలు, మళ్లీ ఎవరి కిటికీ కిందో నిలబడి బతిమాలడం. సీకాయ మంట కళ్లలోకి మళ్లీ వచ్చినట్టయింది. గరిటె చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

పూజ అయింది. ఆకులు వేశారు. "పప్పు వెన్న మాదిరి ఉండాది తల్లీ" అన్నారు పనివాళ్లు. "మా అమ్మణ్ణి చెయ్యి అట్లాంటిది" అన్నాడు మామ. పాపం, తన గుట్టు తనే మెచ్చుకుంటున్నాడని తెలియదు. అత్త ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నేను ఆమె దవడలే చూస్తున్నాను. నెమ్మదిగా మింగింది. మరొక ముద్ద. మళ్లీ కొంచెం వడ్డించమంది. అంతే. జీవితంలో ఒక్క రోజు, ఆ ఒక్క రోజే, మా అత్తకు దేనిమీదా అనుమానం రాలేదు! నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది.

బట్టలు పెట్టడం అయింది. పసుపు కుంకుమ పళ్లెంలో బీగాలు పెట్టుకుని మామ నా ముందుకు వచ్చాడు. "కొంగు పట్టు అమ్మణ్ణీ. మంచి గడియ దాటిపోతాది" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయన నవ్వుతున్నాడు. అత్త గోడకు ఆనుకుని వక్క నములుతోంది. "తీసుకో. నీ ఇల్లు. మీవాళ్లు కట్టింది" అంది.

కొంగు చివరలు పట్టుకున్నాను. చాపలేకపోయాను.

"బీగాలు తర్వాత మామా. ఇంకోసారి మోటారు ఎయ్యి" అన్నాను.

పళ్లెం కొంచెం కిందికి దిగింది. "కరెంటు లేదు కదమ్మా."

"వచ్చినాక తీసుకుంటా."

"పొద్దున సూసినావు కదా! గడియ..."

"గడియ పోతే ఇంకో గడియ వస్తాది."

"ఏమైంది నీకు? పెద్దాయనను నిలబెట్టి..." అని మా ఆయన నా చెవిలో గొణిగాడు. నేను వినిపించుకోలేదు. వరండా మెట్టు మీద కూర్చున్నాను. పనివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మామ పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు, తర్వాత కిందపెట్టాడు, తర్వాత నీడలోకి జరిగాడు. వరండాలో బల్బు స్విచ్చి వేసే ఉంది. అందరి చూపులూ దాని మీదే. ఆ బల్బు వెలగకుండా ఉంటే బాగుండునని కూడా ఒక గడియ అనిపించింది నాకు. నిజం తెలిసిపోతే ఇక ఆ ఇల్లు నాది కాకుండా పోతుందేమోనని.

బల్బు వెలిగింది. నేనే పరుగెత్తి స్విచ్చి వేశాను. మోటారు గుర్రుమంది. గొట్టం దోసెడు నీళ్లు ఉమ్మింది. దగ్గింది. ఇంకో గుక్కెడు. ఆ తర్వాత గాలి, గాలి, ఒట్టి గాలి.

"ఆపు. మోటారు కాలిపోతాది" అంది అత్త వెనకనుంచి.

మామ బోరు గొట్టం పక్కనే కూలబడిపోయాడు. ఉతికిన పంచెకు బురదంటింది. "రాయి తగిలిందమ్మా ఆ రోజు. దుమ్ము తప్ప ఏమీ రాలే. చెబుదామనే ఫోను చేసినా. నువ్వు 'పడినాయా మామా' అని ఎగిరితివి. ఆ గొంతు విన్నాక లేదని చెప్పలేకపోతి. రేపు చెబుతాం, ఎల్లుండి చెబుతాం అని... ఇంతదూరం వచ్చేసింది" అన్నాడు. ఏడ్చాడు కూడా. నా గొంతు విని మనసు రాలేదన్నది నిజమో, అప్పటికప్పుడు అల్లుకున్నదో, ఈ రోజుకీ నాకు తెలియదు. ఫోనులో ఆ చప్పుడు లేని క్షణం మాత్రం గుర్తుంది. అయినా నేల తడిపి పెట్టిన చెయ్యి, కరెంటు కోత చూసుకుని స్విచ్చి వేసిన చెయ్యి కూడా ఆయనవే కదా.

అత్త తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఇంకో బోరు ఏపించు. నీ బాద్యత. ఈసారి నేను కూచుంటా" అంది. అంతే. బీగాలు పళ్లెంలోనే ఉండిపోయాయి.

పుంగనూరు బస్సులో మా ఆయన ముందు సీట్లో కూర్చుని పేపరు తెరిచాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇక మొదలవుతుంది, మీవాడు, మీ కుప్పం, మీ అమ్మ అని, అనుకుంటున్నాను. అత్త నా వైపు వంగింది.

"మొదటి ముద్దకే తెలిసెలే నాకు. సోడా రుచి లేకుండా వెన్న మాదిరి ఉడికె కదా" అంది.

నేను గిర్రున తిరిగాను. "తెలిసీ యాల ఊరుకుంటివి?"

"సూస్తాంటి. నీవాడని మింగేస్తావో, మా ఇంటి మనిషివై కక్కేస్తావో అని."

"నేను బీగాలు తీసేసుకునుంటే?"

"నేనూ నోరు మూసుకునుందును. ఇంక నువ్వు పెట్టే కూడు రోజూ వాసన సూసి తినుందును."

గోడలు తట్టినట్టు నన్నూ తట్టి, చెవి పెట్టి విన్నదన్నమాట ఈవిడ. పొయ్యి దగ్గర నేను చస్తూ బతుకుతూ ఉంటే తాపీగా రెండోసారి పప్పు వేయించుకుని! మీదపడి కొరకాలనిపించింది. పుంగనూరు వచ్చేదాకా మళ్లీ కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. బస్సు దిగేటప్పుడు ఆమె చెయ్యి చాపింది, పట్టుకోమని. చాలాసేపు చూసి, పట్టుకున్నాను.

మామ మాట నిలబెట్టుకున్నాడు. రెండో బోరు ఇంటి వెనక వేశారు. లారీ వచ్చింది మొదలు పోయేదాకా అత్త గొడుగు వేసుకుని స్టూలు మీద కూర్చునే ఉంది. తిండికి కూడా లేవలేదు, నేనే ముద్దలు కలిపి చేతికిచ్చాను. తెల్లటి దుమ్ము కాస్తా బూడిదరంగు బురదైనప్పుడు ఆమె అరచెయ్యి పెట్టి, ఆ బురదను పిడికిట్లో పిసికి చూసింది. తర్వాత కూడా నమ్మలేదు. రోజుల తరబడి మోటారు తిప్పించింది, కరెంటు ఉన్నంతసేపూ.

మళ్లీ మంచి రోజు వచ్చింది. మళ్లీ ఇటుకల పొయ్యి. పప్పు ఎక్కించాను. ఉడికింది, ఉడికింది, గింజ గింజగానే ఉంది. ఎండ నెత్తికెక్కింది. ఇక లాభం లేదని సోడా పొట్లం విప్పాను. అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు. అట్లే పెట్టు."

అట్లాగే వడ్డించాను. ఆకుల ముందు కరకరా చప్పుడు. మామ తలెత్తకుండా నమిలాడు. అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పన్ను ఉన్న వైపుకు తోసుకుని, గట్టిగా కొరికి, ఆకు మీది నుంచి తలెత్తి నన్ను చూసి నవ్వింది. ఆమె పళ్లు బయటపడేట్టు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇవీ మన నీళ్లు. ఇప్పుడు తీసుకో బీగాలు" అంది.

కొంగు చాపాను. బీగాలు పడ్డాయి. ఎవరికీ చెప్పకుండా నేరుగా వంటింట్లోకి పోయి కొళాయి తిప్పాను. నీళ్లు వచ్చాయి. కట్టేసి, మళ్లీ తిప్పాను. మళ్లీ వచ్చాయి. వెనక చూస్తే అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇప్పటికీ నమ్మకం లేదా?" అంది.

"లేదు" అన్నాను.

"బాగుండాది" అని, పక్కకు వచ్చి తనూ ఒకసారి తిప్పి చూసింది.